జగన్నాయకులు గారి గుమ్మం దాటని ఉత్తరాలు

మా తెలుగు సమితికి చిరకాలం అధ్యక్షులుగా ఉన్న కింతలి జగన్నాయకులు గారు గత గురువారం ఉదయం బరంపురంలో స్వగృహంలో కన్నుమూశారు. కార్యదర్శి ఈ వార్త చెప్పడానికి ఫోన్ చేసినప్పుడు నేను లంజిపల్లిలో మా గేటు దగ్గర కూరలమ్మే ఆవిడతో బేరమాడుతున్నాను. విని దిగ్భ్రాంతి చెందాను. ఎనభై దాటి, కొంతకాలంగా మంచం పట్టిన మనిషి పోతే దిగ్భ్రాంతి ఎందుకని మీరు అడగవచ్చు. కార్యదర్శి ఆ వెంటనే అన్న మాటకు దిగ్భ్రాంతి చెందాను. "అమ్మా, ఈ కబురు మనోళ్ళందరికీ మెయిల్లో నువ్వే పంపాల. ఆ సర్వర్ సంగతి నీకు తప్ప ఎవులికీ తెల్దు" అన్నాడు. ఇన్నేళ్లుగా నన్ను ఆ సర్వర్ గది ఛాయలకు రానివ్వని సమితికి ఆ విషయం ఇప్పుడు తెలిసిందన్నమాట.

సమితి పత్రిక ఈ సంచికకు సంస్మరణ వ్యాసం కూడా నన్నే రాయమన్నారు. ఒక్క వాక్యం కూడా కొట్టెయ్యకూడదని షరతు పెట్టి ఒప్పుకున్నాను. పోయినవారి గురించి ఎవరైనా మంచే రాస్తారన్న ధీమాతో కార్యదర్శి సరేనన్నాడు. నాకు ముందు రాసినవారు జగన్నాయకులు గారిని భాషోద్ధారకుడన్నారు, ఆంధ్రత్వానికి ఆలంబనమన్నారు, ఉత్కళసీమలో తెలుగు వెలిగించిన అఖండదీపమన్నారు. విశేషణాలకు కరువులేని సమితి మాది. అవన్నీ వాళ్ళే వాడేసుకున్నారు కనుక నేను జరిగింది రాస్తాను.

ఆయనా మా నాన్నగారూ ఛత్రపురం కలెక్టరాఫీసులో పక్కపక్క బల్లల దగ్గర కూర్చుని పనిచేశారు. అందుచేత ఆయన నాకు బాబాయి. మడత నలగని తెల్ల లాల్చీ, భుజాన బరంపురం పట్టు ఉత్తరీయం, నుదుట పొడుగాటి తిలకం. ఫోటో తీసేవాడు హాల్లోకి వస్తే ఆయన చెయ్యి దానంతటదే ఉత్తరీయం మీదికి పోయేది. వేదిక ఎక్కితే గంభీరమైన గ్రాంథికం, దిగితే అచ్చమైన మా వాడుక భాష. రెండింటిలోనూ ఎదుటివాళ్ళ మాట వినే అలవాటు లేదు.

నేను అప్పట్లో ఒక ప్రైవేటు కళాశాలలో కంప్యూటరు పాఠాలు చెప్పేదాన్ని. సమితి నుంచి ప్రతి ఆదివారం సభ్యులందరికీ మెయిలు వెళ్ళాలని ఆయనకు కోరిక పుట్టింది. సమితి గదిలో ఒక మూల సర్వర్ పెట్టి నేనే నడిపాను. ఆ వారపులేఖలో సమావేశ విశేషాలుండేవి, ఆయన అధ్యక్షోపన్యాసం పూర్తి పాఠం ఉండేది, ఆయన ఫోటో ఉండేది. ఏ పెళ్ళికి వెళ్ళినా బంతిలో పక్కన కూర్చున్నవాడి మెయిలు చిరునామా అడిగి, ఎంగిలి చెయ్యి విదిలించుకుంటూ తాంబూలం కవరు వెనక రాసుకొచ్చేవారు. అందులో సగం తప్పులు. తప్పని చెబితే నా కళ్ళజోడు మార్చుకోమనేవారు.

సర్వర్లతో పరిచయం లేనివారికి ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తపాలా కవరు వెనక "చేరనిచో ఈ చిరునామాకు తిప్పి పంపవలెను" అని రాస్తాం కదా. మెయిలుకూ అలాంటి తిరుగు చిరునామా ఒకటి ఉంటుంది, పాఠకుడికి కనిపించదు. అవతలి సర్వర్ ఉత్తరం తీసుకోనన్నప్పుడు, ఎందుకు తీసుకోలేదో రాసి ఆ చిరునామాకు తిప్పికొడుతుంది. ఆ మనిషి లేడనో, పెట్టె నిండిపోయిందనో, నిన్ను నమ్మననో చెబుతుంది. వాటిని చదివి చిరునామాలు సరిదిద్దుకోవడమే సర్వర్ నడిపేవాళ్ళు చెయ్యవలసిన అసలు పని. ఎవరి ఉత్తరం తిరిగొచ్చిందో ఇట్టే తెలియడానికి నేను ఒక్కో సభ్యుడికి ఒక్కో తిరుగు చిరునామా కట్టాను. చాలా శ్రద్ధగా కట్టానని నా నోటితోనే చెప్పుకుంటాను, సమితిలో ఇంకెవరూ చెప్పలేదు.

మొదటి నెల తిరిగొచ్చినవాటిని అచ్చుతీసి బాబాయి ఇంటికి పట్టుకెళ్ళాను. మన ఇళ్ళల్లో చావు కబురు కార్డు వస్తే గుమ్మం బయటే నిలబడి చదివి, చింపి, కాళ్ళు కడుక్కుని గాని లోపలికి రారు. బాబాయి వాళ్ళమ్మగారు ఆ నియమాన్ని చేరక తిరిగొచ్చిన ఉత్తరాలకు కూడా పెట్టారట. ఆవిడ పోయి చాలా కాలమైనా నియమం మాత్రం ఆ ఇంట్లో చెక్కు చెదరలేదు. బాబాయి కాగితాలు తిరగేసి మొహం చిట్లించారు.

"ఏటమ్మీ ఇవి?"

"తిరిగొచ్చినవి బాబాయ్. సేరలేదని అవతల సర్వర్లు సెప్తన్నాయి."

"పంపినోడి పేరేదీ? కాళీగా ఉందేటి?"

"అది కాళీగానే ఉండాల. పేరుంటే ఈ కబురు కూడా సేరక మళ్ళీ ఎనక్కొస్తాది. రెండు సర్వర్లూ ఒకదాని మీదకొకటి ఇసురుకుంటా కూకుంటాయి."

"పేరు నేని ఉత్తరం. అందులోనూ సేరనేదని కబురు. ఇది సావు కబురు కాకపోతే మరేటే? నా సమితికి ఇలాటియి రాకూడదు."

చెప్పి చూశాను. ఆ ఖాళీ అశుభం కాదనీ, ప్రపంచంలో ప్రతి సర్వరూ అలాగే రాస్తుందనీ, రాయకపోతేనే ముప్పనీ చెప్పాను. ఆయన ఆ కాగితాలను గుమ్మం బయటే నాలుగు ముక్కలు చేసి, కొళాయి దగ్గరికెళ్ళి కాళ్ళు కడుక్కొచ్చారు. నన్ను కూడా కడుక్కోమన్నారు. నేను కడుక్కోకుండా ఇంటికొచ్చాను.

ఆ తర్వాతి సమావేశంలో నాకు సన్మానం జరిగింది. శాలువా కప్పి, తలపాగా చుట్టడానికి వీలుకాదు గనుక పూలదండ వేసి, నా సేవలను వేనోళ్ళ కొనియాడి, సాంకేతిక కార్యదర్శి బాధ్యత నుంచి తప్పించారు. "ఆడబిడ్డచేత అశుభము మోయించుట మన సంప్రదాయము కాదు" అని బాబాయి వేదిక మీద సెలవిచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా స్థానంలో ఆయన మేనల్లుడు శ్రీనివాసు వచ్చాడు, మొబైలు దుకాణం నడిపేవాడు. పంపినవారి పేరు లేని ఉత్తరం ఏదొచ్చినా లోపలికి రానివ్వొద్దని మేనమామ చెప్పాడు, మేనల్లుడు సర్వర్‌కు అలాగే చెప్పాడు. మామ మాటలో తప్పుంటుందన్న ఆలోచన ఆ కుటుంబంలో ఎవరికీ రాదు.

అప్పటినుంచి జగన్నాయకులు గారి స్వర్ణయుగం మొదలైంది. "మా సమితి నుండి వెడలిన లేఖ ఒక్కటియు తిరిగి రాలేదు" అని ప్రతి సభలోనూ చెప్పేవారు. వైజాగ్ నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చిన అతిథులు ఆశ్చర్యపోయేవారు. చెవులు మూసుకున్నవాడికి ఊరంతా నిశ్శబ్దంగానే ఉంటుందని వాళ్ళకు నేను చెప్పబోతే కార్యదర్శి నా ముందుకు కాఫీ కప్పు తోశాడు. చనిపోయిన సభ్యులకు కూడా పుట్టినరోజు శుభాకాంక్షలు వెళ్ళేవి. ఉద్యోగం మానేసి ఏ చిరునామా ఎక్కడ వదిలేశారో తెలియనివాళ్ళకు ప్రతి ఆదివారం ఉపన్యాసాలు వెళ్ళేవి. ఎవరూ లేని చిరునామాలకు అదే పనిగా ఉత్తరాలు పంపే సర్వర్‌ను పెద్ద మెయిలు సంస్థలు చెత్త పంపేవాళ్ళ కింద జమకడతాయి. మాదీ అలాగే జమైంది. చివరికి ఎవరికి ఏం పంపినా ఆ సంస్థలు వాకిట్లోనే తిప్పికొట్టడం మొదలుపెట్టాయి. ఆ సంగతి చెప్పే కబుర్లకు పంపినవారి పేరుండదు కాబట్టి మా సర్వర్ వాటిని గడప తొక్కనివ్వలేదు.

ఇక్కడ ఆగి ఒక న్యాయం చెయ్యాలి. మెయిళ్ళు లేని రోజుల్లో ఇదే మనిషి ఆహ్వానపత్రికలు సంచీలో వేసుకుని సైకిలు మీద బరంపురం అంతా తిరిగి పంచేవారు. గోపాల్‌పూర్ వరకూ కూడా సైకిలే. ఒక ఇంటికి తాళం కనిపిస్తే పక్కింట్లో అడిగి, కిరాణా కొట్టులో అడిగి, వాళ్ళు మారిన ఇల్లు పట్టుకుని గాని వెనక్కి వచ్చేవారు కాదు. ఒకసారి మేం ఇల్లు మారితే వర్షంలో తడుస్తూ వచ్చి, "మీయమ్మ తొట్టిలో పెంచే జామమొక్క ఈదిలోంచి కనిపించింది, ఇదే ఇల్లనుకున్నాను" అని నాతో అంటూ మా నాన్నగారికి పత్రిక ఇచ్చారు. మూసిన తలుపుల్లో దేన్నీ వదలని మనిషి. ఆ మనిషిని నేను గౌరవించాను. ఉత్తరీయం వేసుకున్నాక ఆయన ఎటు పోయాడో నాకు తెలియదు.

గోపాల్‌పూర్‌లో సముద్రపు ఒడ్డు పేట పిల్లలు చదివే బడిలో ఒక తెలుగు తరగతి ఉండేది. అక్కడి ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగే. ఆ తరగతికి మిగిలిన ఏకైక ఉపాధ్యాయురాలు లక్ష్మీకాంతం టీచరు. చమఖండిలో చేపల వేటకెళ్ళేవారి ఇంట్లో పుట్టి, తెలుగులో చదివి, తిరిగి ఆ పిల్లలకే చెప్పడానికి వచ్చిన మనిషి. కొత్తగా చేరే పిల్లల తండ్రులు సమ్మతి సంతకాలు పంపకపోతే ఆ తరగతి ఎత్తేస్తామని విద్యాశాఖ నుంచి తాఖీదు వచ్చింది. తండ్రులు చాలామంది ఊళ్ళో ఉండరు. గుజరాత్‌లో చేపల కంపెనీల్లో, కేరళ పడవల మీద, సూరత్ మగ్గాల దగ్గర ఉంటారు. తల్లుల వేలిముద్రలు చెల్లవన్నారు. సంతకం పెట్టవలసిన కాగితం తెలుగువారి తరఫున సమితి పంపితేనే అంగీకరిస్తామన్నారు. టీచరు పేట ఇల్లిల్లూ తిరిగి తండ్రుల మెయిలు చిరునామాలు సంపాదించి, తప్పుల్లేకుండా రాసి బాబాయి చేతికిచ్చింది. "మీ ఆయనకి సమితినుండి కాయితం వస్తాది, సంతకం ఎట్టి పంపమను" అని ప్రతి తల్లికీ చెప్పింది.

సమితి ఆ మెయిలు పంపింది. అది మాత్రం నిజం. అందులోనూ ముందు అధ్యక్షుల వారి ఫోటో ఉంది.

రోజులు గడిచినా ఒక్క సంతకమూ రాలేదు. టీచరు బాబాయి ఇంటికి వెళ్ళి అడిగింది. ఆ సంభాషణ ఆవిడే నాకు చెప్పింది.

"ఒక్కలూ పంపనేదు బాబూ. మెయిలు సేరిందో నేదో ఓపాలి సూడండి."

"నా సర్వర్ నుండి ఎల్లింది ఎప్పుడైనా తిరిగొచ్చిందేటమ్మా? సేరింది. సేరినా పంపనేదంటే ఆళ్ళకి బాస మీద పేమ నేదు. దానికి నానేటి సేస్తాను?"

పెద్దమనిషి మాట కదా అని ఆవిడ నమ్మి వెళ్ళిపోయింది. విద్యాశాఖ వాళ్ళు విచారణకు వచ్చిన రోజున బడి వరండాలో బల్లలు వేయించి, పిల్లలకు తలదువ్వి వరసగా కూర్చోబెట్టింది. ఇన్‌స్పెక్టరు తన దస్త్రం చూసుకుని, "కెహి సహి పఠాఇ నాహాన్తి, దీదీ" అన్నాడు. ఎవరూ సంతకం పంపలేదు, అక్కా అని. కటువుగా కూడా అనలేదట, పాపం. ఆ వేసవి సెలవులతో తరగతి మూసేశారు. టీచరును ఏజెన్సీలో ఒక ఒడియా బడికి బదిలీ చేశారు.

వెళ్ళేముందు ఆవిడ లంజిపల్లిలో మా ఇంటికొచ్చింది. "నాకెందుకో ఒప్పుదల కానేదమ్మా. పదిమంది తండ్రుల్లో ఒక్కడికైనా బిడ్డ మీద ఇది ఉండదేటి?" అంది. శ్రీనివాసు దుకాణానికి వెళ్ళి, మేనమామకు చెప్పనని ఒట్టేసి, సర్వర్ ఏం చేసిందో తెరిపించి చూశాను. ఆ తండ్రుల చిరునామాలన్నీ వరసగా ఉన్నాయి. ప్రతిదాని పక్కనా తిరస్కరించినట్టు ఉంది. ఒక్కటంటే ఒక్క ఉత్తరం ఎవరికీ చేరలేదు.

అది అచ్చుతీసుకుని నేనూ టీచరూ బాబాయి ఇంటికి వెళ్ళాం. ఒట్టు సంగతి గాలికి వదిలేశాను. ఆయన గుమ్మంలోకి వచ్చి, నా చేతిలో కాగితం చూసి, అదేమిటో గ్రహించారు.

"సేరలేదు బాబాయ్. ఎవులికీ సేరలేదు. ఇప్పుడైనా ఇన్‌స్పెక్టరుకి సమితి తరఫున ఒక ముక్క రాయండి. తప్పు మాది, తండ్రులది కాదని రాస్తే చాలు."

ఒక్క క్షణం ఆయన చెయ్యి కాగితం వైపు వచ్చింది. "నిజంగా సేరనేదా?" అని చాలా నెమ్మదిగా అడిగారు. ఆ గొంతు సైకిలు మీద తిరిగిన మనిషిది. ఇంతలో ఎవరో సభ్యులు గేటు తీసుకుని వచ్చారు. ఆయన చెయ్యి వెనక్కి పోయి ఉత్తరీయం సర్దుకుంది. "అది గుమ్మం బయటే ఒగ్గేయ్ అమ్మీ. ఇంట్లోకి తేకు" అన్నారు. లోపలికి వెళ్ళేముందు కాళ్ళు కడుక్కున్నారు. చదవని కాగితానికి కూడా కాళ్ళు కడుక్కోవాలని నాకు ఆ రోజే తెలిసింది.

కార్యవర్గం ముందు పెట్టాను. పదవి పోయిన ఆడదాని అక్కసు అన్నారు. టీచరు స్వయంగా విద్యాశాఖకు రాసుకుంది. సమితి నుంచి వస్తే చూస్తామన్నారు. సమితి నుంచి ఏమీ వెళ్ళలేదు. ఈ వాక్యం చదువుతున్న కార్యవర్గ సభ్యుల్లో ఆ రోజు అక్కడ కూర్చున్నవారు ఇంకా ఉన్నారు. వారందరికీ నా నమస్కారాలు.

అక్కడితో ఆగినా ఆయన్ని క్షమించేదాన్నేమో. ఆగలేదు. ఆ ఏటి వార్షికోత్సవంలో "తల్లిభాషను తండ్రులే ఉరితీసినారు!" అని గర్జించారు. హాలు దద్దరిల్లింది. ఆ వాక్యం ఆయనకు ఎంతగానో నచ్చింది. గోపాల్‌పూర్‌లో, ఛత్రపురంలో, చివరికి ఆ పేట పిల్లల తల్లులు ముందు వరసలో కూర్చున్న సభలో కూడా అదే అన్నారు. అవకాశం వచ్చినా సంతకం పెట్టని తండ్రులంటూ మంచం పట్టేదాకా వారిని నిందించారు. ఉత్తరం అందని మనుషులను జవాబు రాయలేదని తిట్టడం ఎంత నీచమో వేరే చెప్పనక్కర్లేదు. ఆయన కంఠం మాత్రం బాగుండేది.

గత గురువారం కార్యదర్శి ఇచ్చిన తాళంచెవితో, శ్రీనివాసు కూడా ఎప్పుడో వదిలేసిన ఆ గదిని చాలా ఏళ్ళ తర్వాత తెరిచాను. చెడిపోయిన ఆ సర్వర్ పేరును పక్కనపెట్టి, పరువున్న వేరే దారిలో ఉత్తరాలు వెళ్ళేటట్టు చేశాను. పేరులేని ఉత్తరాలను రానివ్వొద్దన్న ఆజ్ఞ తీసేసి, అవన్నీ నాకు వచ్చేటట్టు కట్టాను. అప్పుడు ఆయన మరణవార్త పంపాను. సాయంత్రానికి తిరిగొచ్చినవి కుప్పపడ్డాయి. వెళ్ళిపోయినవాళ్ళు, మారిపోయినవాళ్ళు, ఆయనకంటే ముందే పోయినవాళ్ళు. మా ఇంటి మధ్యగదిలో కూర్చుని ప్రతిదీ చదివాను. కాళ్ళు కడుక్కోలేదు.

సంతాపసభలో వక్తలందరూ తీరని లోటన్నారు. లోటు నిజమే. గోపాల్‌పూర్ బడిలో ఆ గది ఇప్పుడు పాత బల్లలు పడేసే కొట్టు. అది ఇక తీరదు. ఆయన ఆత్మకు శాంతి కలగాలని అందరితోపాటు నేనూ కోరుకున్నాను. అయితే అంతకంటే ముందు శాంతి దక్కవలసిన మనిషి ఒకడున్నాడు.

మరణవార్తకు వచ్చిన జవాబుల్లో ఒకటి వెరావల్‌లో చేపల కంపెనీలో పనిచేస్తున్న అప్పలరాజు అనే ఆయనది. పాత జాబితాలో ఆ తండ్రుల చిరునామాలు అలాగే ఉండిపోయాయి. ఆయన ఇలా రాశాడు: "అయ్యా, పెద్దాయన పోయినారని ఇప్పుడే సూసినాను. సమితినుండి నాకొచ్చిన మొదటి ఉత్తరం ఇదే. మా పాప బడికోసరం కాయితం వస్తాదంటే దినామూ నెట్ సెంటరుకెల్లి సూసినాను, రానేదు. రానేదని ఎంత సెప్పినా, నాను కావాలనే సంతకం ఎట్టనేదని మా ఆడది ఇప్పటికీ నమ్ముతాది. పెద్దాయనే సభలో సెప్పినారంట. సెలవులకి ఇంటికెల్తే మొకం సూడదు. ఆ కాయితం నాకు రానేదని సమితి ఓ ముక్క రాసిత్తాదా?"

ఈ వ్యాసం రాయడానికి నేను ఎందుకు ఒప్పుకున్నానో ఇప్పుడు కార్యదర్శికి అర్థమై ఉంటుంది. అప్పలరాజూ, నువ్వడిగిన ముక్కను సమితి సంచికలోనే అచ్చువేయిస్తున్నాను. ఆ కాగితం నీకు రాలేదు. నీతోటి తండ్రులెవరికీ రాలేదు. మీరు సంతకం పెట్టబోమనలేదు, మిమ్మల్ని అడిగిన ఉత్తరమే మీదాకా చేరలేదు. చేరలేదన్న సంగతి మా జగన్నాయకులు గారు గుమ్మం దాటనివ్వలేదు. ఈ సంచిక ఒకటి నీకు పోస్టులో పంపుతున్నాను. ఇంటికి తీసుకెళ్ళి మీ ఆవిడకు ఈ పేజీ వినిపించు. మీ పాపచేత చదివిద్దువుగాని, దానికి తెలుగు చదవడం రాదు. నువ్వే చదువు.